ఏడో తరగతి దాకనే సదివిన తల్లిని, కొడుకు స్కాలర్‌షిప్ పరీక్షకు నేనెట్ల సాయం చెయ్యాలె?

కరీమాబాద్ అమ్మ:
అందరికీ నమస్కారం. మాది వరంగల్ కరీమాబాద్. నేను ఇంట్లనే బ్లౌజులు కుడుత. మా ఆయన ఎనుమాముల మార్కెట్ల హమాలీ పని చేస్తడు. బాబు సర్కారు బడిల ఎనిమిదో తరగతి. ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయిస్తమని మొన్న వాళ్ల సార్ వీని పేరు రాసుకున్నడు. పాసైతే నెలకు వెయ్యి రూపాయలు వస్తయట. వాడు సంతోషంగ ఒక గైడు తెచ్చుకున్నడు. రాత్రి నా దగ్గర కూసోని "అమ్మా, ఇది చెప్పు" అని ఒక పేజీ తెరిచిండు. అన్నీ బొమ్మలే. ఒక కాగితం మడిచినట్టు, దానికి బొక్క పెట్టినట్టు. నాకు ఏం సమజ్ కాలె. వాడు ఏమనలేదు గని, పుస్తకం మూసుకొని లోపలికి పోయిండు. అది నా మనసుల గుచ్చుకున్నది.

పక్కింటామె కోచింగ్‌కు పంపుమంటది. అంత పైసలు మా దగ్గర లేవు. నేను ఏడు దాకనే సదివిన. నాసొంటి తల్లి ఏం చెయ్యొచ్చు?

ఇంకొకటి. చిన్నది ఇప్పుడు నాలుగో తరగతి. పోయినేడు మూడుల ఉన్నప్పుడు, డిసెంబర్ల, ఢిల్లీ నుంచి పేపర్ వచ్చిందని పరీక్ష పెట్టిన్రు. ఇప్పటిదాక మార్కులు చెప్పలె. తప్పిందా ఏంది?

పరకాల లెక్కల సార్:
చెల్లె, ముందు చిన్నదాని సంగతి. భయపడకు. అది 2024 డిసెంబర్ 4న దేశమంతా జరిగిన పరఖ్ సర్వే. మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలకు, ఎంపిక చేసిన బళ్లలో పెట్టారు. దాంట్లో పిల్లలకు విడివిడిగా మార్కులు ఉండవు. ఏ జిల్లాలో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వస్తున్నాయో ప్రభుత్వం చూసుకోవడానికి అది. మీ పాప పాసూ కాదు, ఫెయిలూ కాదు.

ఇక బాబు పరీక్ష. మా బడి నుంచి ఏటా పిల్లలను పంపుతాను కాబట్టి తెలిసింది చెప్తాను. ఇది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదివేవాళ్లకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటొద్దు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కూలి పని చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

పేపర్లు రెండు. ఒకటి మ్యాట్, అంటే ఆలోచనా శక్తి పరీక్ష: 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోది శాట్, బడి పాఠాలది: అదీ 90, 90 నిమిషాలే. శాట్‌లో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. ఏడో తరగతి పాఠాలు, ఎనిమిదిలో అప్పటిదాకా అయినవి వస్తాయి. తెలుగులో రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కు కొయ్యరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని ఇప్పుడే చెప్పు. రెండూ కలిపి 40 శాతం, అంటే 180కి 72 రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. అయితే ఆ గీత దాటితేనే సరిపోదు, మెరిట్ జాబితాలో పేరు రావాలి.

చాలామంది బొమ్మల ప్రశ్నలు చూసి బెదిరి అక్కడే కూర్చుంటారు. శాట్‌ను మరిచిపోతారు. నా అనుభవంలో సర్కారు బడి పిల్లలకు మార్కులు తెచ్చేది ఏడో తరగతి సైన్స్, సోషల్ పాత పుస్తకాలే. అవి ఇంట్లో ఉన్నాయా? ఎవరికైనా ఇచ్చేశారా?

కరీమాబాద్ అమ్మ:
సార్, మీకు దండం. పాప సంగతి తేలికైంది. పుస్తకాలు అటుక మీద ఉన్నయి, దించుత.

మా అన్న కొడుకు గూడ ఎనిమిదే గని గురుకులంల ఉంటడు. వాడు రాయొచ్చా?

పరకాల లెక్కల సార్:
రాయరాదమ్మా. భోజనం, వసతి ప్రభుత్వమే పెట్టే బడి పిల్లలకు ఇది వర్తించదు. నవోదయ, కేంద్రీయ విద్యాలయం, ప్రైవేటు బడి పిల్లలకు కూడా లేదు.

మామునూరు పాత విద్యార్థి:
అక్కా, నేను మామునూరు నవోదయలో చదివిన. మా ఊరు వర్ధన్నపేట దగ్గర. మా అమ్మకు సంతకం కూడా రాదు. అందుకే మీ మాట చదివి ఆగలేకపోయిన.

ఆ మడత బొమ్మ మీకు అర్థం కాలేదన్నరు గద. మీరు బ్లౌజు మెడ ఎట్ల కత్తిరిస్తరు? బట్టను నిలువుగా సగం మడుస్తరు. మడత అంచు దగ్గర సగం గుండ్రం మాత్రమే గీస్తరు, కత్తెర పెడతరు. విప్పితే నిండు గుండ్రం వస్తది. ఆ ప్రశ్నల అడిగేది అదే. బట్టకు బదులు కాగితం, కత్తెరకు బదులు బొక్క. ఒకసారి మడిచి మధ్యల ఒక బొక్క పెడితే విప్పినంక రెండు. రెండుసార్లు మడిచి పెడితే నాలుగు పొరలు, నాలుగు బొక్కలు. బొక్క మడత అంచు మీదనే పడితే, రెండు సగాలు కలిసి ఒకటే అయితది. ఎన్ని బొక్కలు, ఎక్కడెక్కడ అన్నది మీ చేతికి తెలుసు. మీ బాబుకు ఇంకా తెల్వది. రేపు రాత్రి పుస్తకం తీయకండి. నాలుగు పనికిరాని బట్ట ముక్కలు, కత్తెర తీసుకొని కూర్చోండి. మీరు మడవండి. "కత్తిరిస్తే ఎట్ల వస్తది, గీసి చూపియ్యి" అని వానికి కాగితం ఇయ్యండి. గీసినంకనే కత్తిరించండి.

ముగ్గు కూడా అంతే. అద్దంల బొమ్మ ఎట్ల కనబడ్తదని అడిగే ప్రశ్నలుంటయి. సగం ముగ్గు వేసి మిగతా సగం వాడిని వెయ్యమనండి.

కరీమాబాద్ అమ్మ:
తమ్మీ, నిన్న రాత్రి చేసినం. నాకు రాయంగ కండ్లల్ల నీళ్లు వస్తున్నయి.

మొదటిది వాడు తప్పు గీసిండు. రెండుసార్లు మడిచి, మడతలు కలిసే మూల కొస కత్తిరిస్తే నాలుగు బొక్కలు వస్తయనుకున్నడు. నేను, "కాదు బిడ్డా, ఆ మూల బట్టకు నడిమిట్ల ఉన్నది, ఒక్కటే వస్తది" అన్న. విప్పినం. నడుమ ఒక్కటే గుండ్రం. వాడు నా మొకం చూసి, "నీకెట్ల తెలుసమ్మా?" అన్నడు. ఇరవై ఏండ్ల సంది కత్తిరిస్తున్న, నాకు తెల్వదా! తర్వాత వాడే పది బొమ్మలు చేసిండు, ఎనిమిది సరిగ్గా వచ్చినయి. చిన్నది గూడ వచ్చి కూసున్నది.

జనగామ అక్క:
ఆ మాట చదివి నాకూ సంతోషమైంది చెల్లె. అయితే చదువు ఒక ఎత్తు, కాగితాలు ఇంకో ఎత్తు. మా పాప విషయంలో దెబ్బ తిన్నాం కాబట్టి చెప్తున్నా. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంది, బడి రికార్డులో ఒక్క అక్షరమే. పాప పరీక్ష రాసింది, ఎంపికైంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు పేరు కలవలేదు. ఆధార్ కేంద్రం చుట్టూ, బడి చుట్టూ తిరిగినం. గడువు లోపల అయితదో లేదో అని నెల రోజులు నిద్ర లేదు. గడువుకు రెండు రోజుల ముందు అయింది.

ఇప్పుడే ఆధార్, బడి రికార్డు పక్కపక్కన పెట్టుకొని పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒక్కో అక్షరం చూసుకో. ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో ముందే పెట్టు, తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి దినాలు పడ్తయి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో అడుగు. వచ్చినంక ఏటా రెన్యువల్ చెయ్యాలె. చాలా మంది పిల్లలు ఎంపికై కూడా రెండో ఏడు ఆ పని మరిచిపోయి పైసలు పోగొట్టుకుంటున్నరు. మా ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్న.

పరకాల లెక్కల సార్:
జనగామ అక్క మాటకు ఇంకొకటి కలుపుతున్నా. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే వినండి. బోర్డుకు పంపే నామినల్ రోల్, అంటే పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఉండే కాగితం బడిలో చూపించి సంతకం పెట్టమంటారు. చాలా మంది చదవకుండానే పెడతారు. పదో తరగతి మెమోలో పడిన పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తుంది, తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. ఐదు నిమిషాలు నిలబడి చదవండి.

కేసముద్రం మిర్చి రైతు:
అందరికి నమస్తే. నా బిడ్డ మొన్న మార్చిల పదో తరగతి రాసింది. మాది మానుకోట, అంటే మహబూబాబాద్ జిల్లా. 2025ల 99.29 శాతంతోని మా జిల్లానే రాష్ట్రంల ఫస్ట్ వచ్చింది, గది మాకు మస్తు గొప్ప. గని ఆ మార్చి నెల మా ఇంట్ల ఎట్ల గడిచిందో చెప్త.

మార్చి 21 నుంచి ఏప్రిల్ 4 దాక పరీక్షలు. మిర్చి ఏరుడు గూడ గప్పుడే. కూలోళ్లు దొర్కరు. అంతకుముందు ఏడు బిడ్డను బడి నుంచి వచ్చినంక చేనుకు రమ్మనేటోన్ని. ఈసారి సంక్రాంతి దాటినంక మా ఆమె ఒకటే మాట అన్నది: పరీక్షలు అయ్యేదాక బిడ్డ చేతికి మిర్చి తగులొద్దు. మిర్చి ఏరిన చేయి రాత్రంత మండుతది, పెన్ను పట్టరాదు. నేను ఒప్పుకున్న. రెండు ఏరుడ్లు ఆలస్యమైనయి, కొంత తాలు అయింది. అయినా పర్వలేదనుకున్న.

పొద్దుగాల నాలుగున్నరకు నేనే లేపేటోన్ని. చాయ పెట్టి ఇచ్చేటోన్ని. నాకు ఆమె లెక్కలు రావు. పక్కన కూసోని కల్లంల కప్పే పరదాలకు తాళ్లు కట్టుకునేటోన్ని. నేను లేస్తె ఆమె పండుకుంటది, నేను కూసుంటె ఆమె సదువుతది. రెండున్నర నెలలు గంతే చేసిన.

సార్ చెప్పిన్రని ఇంకో పని చేసిన. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు పాత పేపర్ ఇచ్చి, ఫోన్‌ల మూడు గంటలు పెట్టి, పన్నెండున్నరకు కాగితం గుంజుకునేది. మొదటి వారం లెక్కల పేపర్ల బిట్లకు టైమే చాలలె. బిట్ పేపర్ చివరి అరగంటల ఇస్తరు గద, అప్పటికి పెద్ద లెక్కల్లనే ఉన్నది. నాలుగో ఆదివారానికి పది నిమిషాలు మిగిలింది. సైన్స్‌కైతే ఫిజిక్స్ ఒక దినం, బయాలజీ ఒక దినం, ఒక్కోటి 40 మార్కులు, గంటన్నర. అది గూడ అట్లనే గడియారం పెట్టి రాయించిన.

నిర్మల్ నాన్న:
అన్నా, మీ జిల్లా 2025లో ఫస్ట్, అంతకుముందు 2023, 2024 రెండేళ్లు మా నిర్మల్ ఫస్ట్. అభినందనలు. నేను మాత్రం ఒకటి గట్టిగా చెప్తా. పిల్లల ఇష్టానికి వదిలితే చదవరు. మా వాణ్ని పొద్దున నాలుగుకు లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టినం. ఫోన్, టీవీ బంద్. పండుగలకు ఊరికి పోవుడు బంద్. మార్కులు మంచిగనే వచ్చినయి. బాసర ట్రిపుల్ ఐటీ మాకు దగ్గర, అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీదనే గద. ఒక్క ఏడు కష్టపడితే ఆరేళ్ల చదువు సర్కారు కాలేజీలో దొరుకుతది. ఆ ఒక్క ఏడు మెత్తగా ఉంటే లాభం లేదు.

కాజీపేట తల్లి:
అన్నా, మీ బాబుకు అది నడిచింది, సంతోషం. నా బాబుకు మేము అదే చేశాం, పిల్లవాడు మాట్లాడటం మానేశాడు.

వానికి చదవడంలో ఇబ్బంది ఉంది. అక్షరాలు తారుమారవుతాయి. పెద్దగా చదివి వినిపిస్తే పాఠం మొత్తం చెప్తాడు, రాయమంటే నాలుగు వాక్యాలకు గంట. ఆరో తరగతి దాకా మాకు తెలియలేదు. బద్ధకం అనుకున్నాం. తిట్టాం, కొట్టాం కూడా. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్ ఒకరు చూసి, ఇది బద్ధకం కాదు, డాక్టర్‌కు చూపించండి అన్నారు. ఆ రోజు నేను బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

ఇట్లాంటి పిల్లలకు పబ్లిక్ పరీక్షలో అదనపు సమయం ఇస్తారు, చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని ఇస్తారు. కానీ పరీక్ష ముందు రోజు అడిగితే రాదు. డాక్టర్ సర్టిఫికెట్‌తో హెడ్మాస్టర్ ద్వారా నెలల ముందే దరఖాస్తు వెళ్లాలి. మేము తొమ్మిదో తరగతిలోనే కాగితాలు సిద్ధం చేసుకున్నాం. సహాయకుడికి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఇంట్లో నేను పెన్ను పట్టుకునేదాన్ని, వాడు చెప్పేవాడు. "ఇక్కడ పేరా మార్చు", "ఇక్కడ బొమ్మ గియ్యి, పేర్లు పెట్టు" అని చెప్పడం వానికి రెండు నెలలు పట్టింది.

పిల్లవాడు చదవట్లేదంటే ఎందుకు చదవట్లేదో ముందు చూడండి. నేను ఆలస్యంగా చూశాను.

నిర్మల్ నాన్న:
అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివిన. నా చిన్నోడు కూడా ఆరో తరగతిలో రాయడానికి చాలా సతాయిస్తడు. నేను కోపం చేస్తున్న. రేపు బడికి పోయి టీచర్‌తోని మాట్లాడుత.

నర్సంపేట తాతయ్య:
నేను నలభై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. ఇక్కడ అమ్మలు, నాన్నలు రాసినవి చదువుతుంటే మనసు నిండింది. ఒకే మాట చెప్పాలని ఉంది, అది నిద్ర గురించి. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా ఎన్నో ఏళ్లు తిరిగాను. మొదటి గంటలో బల్ల మీద తల వాల్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. అడిగితే రాత్రంతా చదివానంటారు. చదివింది లోపలే ఉంటుంది, కాగితం మీదికి రాదు. కేసముద్రం రైతు పొద్దున నాలుగున్నరకు లేపడం మంచిదే, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోబెట్టి ఉంటే.

మా నర్సంపేట పక్కనే లక్నేపల్లి. అక్కడ పుట్టిన పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పేదింటి పిల్లవాడిని పరీక్ష పెట్టి ఎంచుకొని, మంచి చదువు చెప్పాలన్న ఆలోచన అది. ఇయ్యాల ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాసే పిల్లలు వేలల్లో ఉన్నారు. వంద మార్కులు, రెండు గంటలు. తొమ్మిదేళ్ల పిల్ల రెండు గంటలు కదలకుండా కూర్చోవడమే పెద్ద పరీక్ష. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే రోజూ ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. తెలుగు పత్రికలో ఒక వార్త గట్టిగా చదివించండి. చదివాక పత్రిక మూసి, ఏం చదివావో చెప్పమనండి. అమ్మకు అక్షరం రాకున్నా ఆ పని చేయించొచ్చు. "నాకు చదవరాదు, నువ్వు చదివి చెప్పు" అంటే పిల్ల ఎంత శ్రద్ధగా చెప్తుందో చూడండి.

కేసముద్రం మిర్చి రైతు:
తాతయ్యా, తొమ్మిదిన్నరకే పండుకునేది. మా ఆమె లైట్ బంద్ చేసేది.

మామునూరు పాత విద్యార్థి:
అక్కా, ఇంకో ముఖ్యమైన మాట మరిచిన. బాబు పరీక్షల జవాబులకు ఓఎంఆర్ షీట్ మీద గుండ్రాలు నింపాలె. మా ఊరి పిల్లలు తెలివిగల్లోళ్లు గని అక్కడ దెబ్బ తింటరు. 34వ ప్రశ్న వదిలి 35కు పోయి, జవాబు 34లో నింపుతరు. అక్కడి నుంచి అన్నీ ఒక్కటి జరిగిపోతయి. ఒకసారి పెన్నుతో నింపితే చెరపరాదు. జిరాక్స్ సెంటర్లల ఖాళీ షీట్లు దొరుకుతయి. పది తెచ్చి, బాల్ పెన్నుతోనే నింపమనండి. మీరు పక్కన కూర్చొని ప్రశ్న నంబర్ చదవండి, వాడు గుండ్రం చూపెట్టాలె.

కరీమాబాద్ అమ్మ:
తమ్మీ, పది కాదు ఇరవై తెచ్చిన. నంబర్లు నేనే చదువుతున్న. నంబర్లు చదువుడు నాకు వస్తది గద!

కరీమాబాద్ అమ్మ:
చాన రోజులకు వచ్చిన. బాబు పరీక్ష అయిపోయింది. ముందు రోజు రాత్రి వాడు పడుకున్నంక పెన్నులు, హాల్‌టికెట్, నీళ్ల సీసా సంచిల పెట్టి తలుపు దగ్గర తగిలిచ్చిన. మా ఆయన ఆ దినం మార్కెట్‌కు పోలె, సెంటర్ దాక తీసుకపోయి బయటనే కూసున్నడు. వాడు బయటికి వచ్చి "ఒక్కటి గూడ ఖాళీ పెట్టలె నాన్నా" అన్నడట. ఫలితం ఏమైతదో చూద్దాం. ఆదాయం సర్టిఫికెట్ చేతికి వచ్చింది, ఆధార్‌ల తండ్రి పేరుకు ఒక అక్షరం తక్కువుండె, అది గూడ సరి చేయించిన.

ఇప్పుడు చిన్నది రోజూ బట్ట ముక్కలు మడిచి కత్తిరిస్తున్నది. దానికి వచ్చే ఏడు ఐదో తరగతి. తమ్మీ, నవోదయకు ఎప్పుడు పెట్టాలె?

మామునూరు పాత విద్యార్థి:
అక్కా, బడులు తెరిచిన కాడి నుంచి నవోదయ సైట్ చూస్తుండాలె. ఐదో తరగతి చదివేటప్పుడే, అదీ ఒక్కసారే రాయొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మామునూరుల సీట్లు 80, అందుల కనీసం 75 శాతం పల్లె బళ్లల చదివిన పిల్లలకు. మీది పట్నం కిందికి వస్తది, పోటీ ఎక్కువ. ఆడపిల్లలకు మూడో వంతు ఉన్నయి. 80 ప్రశ్నలు, రెండు గంటలు, తెలుగుల రాయొచ్చు. అందుల సగం, 40 ప్రశ్నలు, మీరు ఇప్పుడు బట్ట మీద చేయిస్తున్నసొంటి బొమ్మల ప్రశ్నలే. గురుకులం పరీక్షకు గూడ పెట్టండి, రెండూ రాయిద్దాం. నా పాత పుస్తకాలు రెండున్నయి, కరీమాబాద్‌కు వచ్చి ఇచ్చిపోత.